ఇంటిపేరు వ్రాసిన చేయి

పోతన మహాకవి పుట్టిన ఊరు ఏది యను వివాదము తెలుగునాట కొంతకాలము మిక్కిలి వేడిగా సాగినది. తాను ఏకశిలానగరమునకు వచ్చినట్లు భాగవతావతారికయందు ఆయనయే చెప్పుకొనియుండుటచేత, ఆ నగరమేదియో తేల్చినచో తగవు తీరునని ఇరుపక్షములవారును తలచిరి. ఏకశిల యనగా ఒంటిరాయి గదా, అది మా ఓరుగల్లే యని ఒకరు, కాదు, కడప సీమలోని ఒంటిమిట్టయే యని మరియొకరు వాదించిరి. రెండు పేర్లలోను ఒంటితనము కలదు, ఒకదానియందు రాయియు వేరొకదానియందు మిట్టయు కలవు. కావున శబ్దార్థవిచారము ఇరువురికిని సమానముగా తోడుపడి, ఎవరికిని గెలుపు నీయలేదు. ప్రజలు పిలిచెడి పేరుతోనే ఊరిని వ్రాసియుండినచో ఈ చిక్కు పుట్టెడిదే కాదు. దేశ్యనామమును గీర్వాణమునకు మార్చి వ్రాసినంతనే అర్థము నిలిచినది, ఊరు జారిపోయినది.

తుదకు ఓరుగల్లు పక్షమువారికి కొండంత అండయైనది ఆ కవి ఇంటిపేరగు బమ్మెర. నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలమున బమ్మెర యను గ్రామము ఇప్పటికిని ఉన్నది, అక్కడివారు పోతనను తమవానిగానే చెప్పుకొందురు. ఊరి సంగతి యెరుగక, అర్థము కొరకు నిఘంటువు తెరచినవానికి బమ్మెరపోవుట యనగా తల తిరుగుట, దిమ్మరపోవుట యని కనబడును. పోతనగారిది తల తిరిగిన వంశమని ఇంతవరకు ఏ పండితుడును వ్యాఖ్యానింపకపోవుట మన అదృష్టము. కాని ఇంటిపేర్ల విషయమున ఇంతకంటె విపరీతమైన వ్యాఖ్యానములు ప్రతిదినము వినబడుచునే యున్నవి.

ఇంటిపేరు నోటినుండి వ్రాతలోనికి దిగినపుడు దాని అర్థమునకు ఏమగును? ఈ ప్రశ్నకు ప్రపంచమున అన్నిదేశములకంటె విస్తారముగా సమాధానము చెప్పగలది జపాను. అక్కడివారు చైనానుండి తెచ్చుకొన్న లిపికి కంజి యని పేరు. అందలి యొక్కొక్క గుర్తు ప్రధానముగా ధ్వనికి కాక భావమునకు చిహ్నము. మనము 3 అను అంకెను చూచి తెలుగున మూడనియు, ఉర్దూలో తీననియు, ఇంగ్లీషున త్రీ యనియు చదువునట్లే, కొండను తెలుపు గుర్తును జపానువారు ఒకచోట 'యామ' యనియు వేరొకచోట 'సన్' అనియు చదువుదురు. మొదటిది వారి దేశ్యపదము, రెండవది చైనానుండి వచ్చి స్థిరపడిన తత్సమము వంటిది. కావున జపానువాని ఇంటిపేరు చెవికి ఒక మాటగాను, కంటికి ఒక చిన్న చిత్రముగాను ఉండును. తనక యన్న పేరు వ్రాసినచో పొలము, నడుమ అను రెండు గుర్తులు కనబడును: పొలముల నడుమ నుండువారని భావము. యమమొతొ యనగా కొండ మొదలు. మన వీథులలో తిరుగు మోటారు బండ్లమీది పేర్లు సైతము ఇట్టివే. హోండా యనగా మూలక్షేత్రము, తొలి పొలము. టొయోటా సంస్థను స్థాపించిన కుటుంబమువారి ఇంటిపేరు టొయోడా, సమృద్ధమైన పొలమని దాని వ్రాత చెప్పును. 1930వ దశకమున సంస్థకు పేరు పెట్టునపుడు 'డా'ను 'టా'గా మార్చి, భావలిపిని విడిచి, ఎనిమిది గీతలలో ముగియు ధ్వనిలిపిలో వ్రాసికొనిరి, ఎనిమిది వారికి శుభసంఖ్య. ఆ మార్పుతో పొలము పోయినది, బండి మిగిలినది. ఇషిబషి, అనగా రాతివంతెన, అను ఇంటిపేరుగల మరియొక వ్యాపారి 1931లో టైర్ల సంస్థ నెలకొల్పి, తన పేరును ఇంగ్లీషు చేసి, వరుసను తారుమారు చేసి బ్రిడ్జ్‌స్టోన్ అనెను. ఏకశిలానగరమును కల్పించిన బుద్ధియే అక్కడను పనిచేసినదన్న మాట.

అయితే గుర్తులలో కనబడు అర్థమే పేరునకు నిజమైన పుట్టుక యని నమ్మరాదు. సుజుకి యను పేరును గంట, చెట్టు అను గుర్తులతో వ్రాయుదురు. గంటకును ఆ వంశమునకును సంబంధము లేదు. కుమనో తీర్థప్రాంతమున కోత ముగిసిన తరువాత పొలమున నిలిపెడి వరిపనల కుప్పకు అట్టి పలుకుబడి కలదనియు, దానినుండియే ఇంటిపేరు పుట్టినదనియు, గంటయు చెట్టును కేవలము ధ్వని కుదిరినందున తరువాత వచ్చి చేరినవనియు పెద్దలు చెప్పుదురు. తొలుత ఎవరో లేఖకుడు ఆ రెండు గుర్తులను ఏరుకొనెను. తరువాతి తరములవారు తమ పేరును చూచినప్పుడెల్ల గంటనే చూచిరి.

ఇందుకు విరుద్ధముగా, వ్రాత నిజముగా వంశచరిత్రను దాచియుంచిన పేర్లును కలవు. సాతో, ఇతో, కతో యను మూడింటి చివర నున్న గుర్తు ఒకటే: ఊదాపూల ఫుజి తీగ. పురాతనకాలమున రాజ్యమును నడిపిన ఫుజివర వంశమువారి పేరులోని మొదటి గుర్తు అది. ఇసె సీమకు పోయిన ఫుజివరలు ఇతోలు, కగ సీమకు పోయినవారు కతోలు. వినుటకు 'తో' యని మాత్రమే తోచును గాని చూచినవానికి ఆ తీగ కనబడును. సైతో యను పేరు కథ మరింత రసవత్తరమైనది. ఇసె దేవాలయమున కన్యావ్రతముతో అర్చన నెరపు రాజపుత్రికకు సంబంధించిన కార్యాలయమును 'సై' యను గుర్తుతో వ్రాసెడివారు, దానికి నియమము, శౌచము అని యర్థము. ఆ కార్యాలయమున కధిపతియైన ఫుజివర సంతతివారు సైతోలైరి. ఆ గుర్తు గీతలు పెక్కు గలది. వ్రాయుటకు బద్ధకించిన గుమాస్తాలు దానిని పోలిన వేరొక గుర్తును వాడిరి, ఆ రెండవదానికి సమానము, సరితూగునది యని అర్థము. దానితో నియమవంతుల వంశములు కొన్ని పుస్తకములలో సమానుల వంశములైనవి. ఓత యను పేరున ఒక్క చుక్క చేరినచో పెద్దపొలము కాస్త బలిసిన పొలమగును. ఆ చుక్క ఉన్నవారు లేనివారిని తమవారుగా నెంచరు.

ఈ వ్రాతలన్నియు ఎప్పుడు స్థిరపడినవి? సామాన్యజనులు ఇంటిపేరు పెట్టుకొనవచ్చునని 1870లో మెయిజి ప్రభుత్వము అనుమతించెను. పన్నులు హెచ్చునేమో యని అనుమానించి చాలమంది ముందుకు రాకపోగా, 1875లో పెట్టుకొని తీరవలెనని శాసించెను. సైన్యమునకు మనుష్యులను లెక్కించుట ఆ శాసనమునకు ముఖ్యకారణము. అంతకుముందే వాడుకలో పేర్లుగల కుటుంబములు వానినే వ్రాయించుకొనెను. లేనివారికి గ్రామపెద్దయో, ఆలయ పురోహితుడో తోచిన గుర్తులు కూర్చి ఇచ్చెను. ఇక చిత్రమేమనగా, అక్కడి కుటుంబపట్టికలలో గుర్తులే గాని వాని ఉచ్చారణ వ్రాయు ఆచారము లేకయుండెను. ఒకే రెండు గుర్తులను ఒక ఇంటివారు నకజిమ యనియు మరియొక ఇంటివారు నకషిమ యనియు చదువుకొన్నను ప్రభుత్వమునకు పట్టలేదు. ఉచ్చారణను కూడ నమోదు చేయవలెనను సవరణ 2025 మే 26 నుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. అనగా, నూరేండ్లకు పైగా జపాను ప్రభుత్వము తన ప్రజల ఇంటిపేర్లకు అర్థమును భద్రపరచి, ధ్వనిని ఇంటివారి నోటికే వదలివేసినది.

మన సంగతి సరిగా తలక్రిందులు. తెలుగులిపి ధ్వనిని పట్టును, అర్థమును పట్టదు. బమ్మెర యని వ్రాసినచో అది ఊరో, తలతిరుగుడో చెప్పువారు వేరే యుండవలెను. అట్లు చెప్పువారు మొదట ఊరివారు, తరువాత పండితులు, ఆపైన ఉర్దూ వ్రాసిన పట్వారులు, కడపట బడిలో పేరు చేర్చుకొన్న పంతుళ్ళు. 2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అను జిల్లాలు ఏర్పడినవి. ఈ మూడు జిల్లాలలో తిరిగి పేర్లు వినినచో, ఈ నాలుగు చేతుల వ్రాతయు స్పష్టముగా కనబడును.

జిల్లాల పేర్లే చూడుడు. జనగామను జనుల గ్రామమనువారు కొందరు, జైనుల గావ్ అనువారు కొందరు. కొలనుపాక జైనక్షేత్రము చేరువనే యుండుటచేత రెండవవారి మాటకు బలము హెచ్చు. కాని 'జన'యని వ్రాసి వ్రాసి, మొదటి అర్థమే కంటికి అలవాటైపోయినది. మహబూబాబాద్ ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పేర వెలసినది. అయినను రైలు దిగినవాడు నేటికిని మానుకోటకే పోవుచున్నాననును. మ్రాను అన్న పాతమాటను ప్రజల నోరు నునుపుచేసి మానుగా నిలుపుకొన్నది. భూపాలపల్లి పేరును గురించి విచారింపనక్కరలేదు, రాజును పల్లెయు పక్కపక్కనే కూర్చున్నవి.

ఊరిపేరే ఇంటిపేరగుట తెలుగువారికి సహజము. ఒక ఊరివారు వేరొక ఊరికి తరలిపోయినపుడు క్రొత్త ఊరివారు వారిని పాత ఊరిపేరుతో పిలిచెదరు. పిలుపు నిలిచి ఇంటిపేరగును. ఈ కారణముచేత ఇంటిపేరు మనిషి ఉన్నచోటును గాక విడిచివచ్చిన చోటును తెలుపును. పైపెచ్చు, ఊరు తన పేరును మార్చుకొన్నను ఇంటిపేరు మార్చుకొనదు. బసవపురాణకర్త సోమనాథునిది పాల్కురికి. ఆ ఊరు వాడుకలో పాలకుర్తియై చాలకాలమైనది గాని, కవి పేరున పాతరూపమే నిలిచియున్నది. స్టేషన్ ఘనపూర్ మండలమున తాటికొండ కలదు, తాటికొండవారు కలరు. జపానున సుగియమ, అనగా దేవదారును పోలిన చెట్ల కొండ, అను ఇంటిపేరు ఎట్టిదో ఇదియు అట్టిదే. చెట్టు మారినది, కొండ మారలేదు.

తెలంగాణోద్యమమునకు సిద్ధాంతకర్తయని జనులు గౌరవించిన ఆచార్య జయశంకర్‌గారి ఇంటిపేరు కొత్తపల్లి. ఆత్మకూరు మండలము అక్కంపేటలో 1934లో పుట్టి, కాకతీయ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, రాష్ట్రమేర్పడుటకు మూడేండ్లు ముందుగా 2011లో గతించిన ఆయన పేర ఒక జిల్లా వెలసినది. ఆ జిల్లా పేరులో జయశంకర్ కలడు, కొత్తపల్లి లేదు. జపానున ఈ కొత్తపల్లికి నకలు వంటి ఇంటిపేరొకటి కలదు: కొత్త, పల్లె అను రెండు గుర్తులు. దానిని నీమురా యనియు షిన్మురా యనియు చదువుదురు. వారి సుప్రసిద్ధ నిఘంటువగు కోజియెన్‌ను 1955లో వెలువరించిన భాషాపండితుడు షిన్మురా ఇజురు. అక్కడివారు మనిషిని ఇంటిపేరుతోనే పిలుతురు. ఇక్కడ జయశంకర్ సారు అననివాడు లేడు, ఇంటిపేరు అడిగినచో తడవుకొననివాడు అరుదు. ఇంటిపేరుతో మనిషిని ఎదుట పిలుచుట మన ఊళ్ళలో మర్యాద కాదు. దాని అక్కర ఎక్కువగా సంబంధములు మాటాడుకొను వేళ వచ్చును: "మీ ఇంటిపేరేంది?" అని అడిగిన పెద్దమనిషికి అర్థముతో పనిలేదు, తన ఇంటిపేరే అయినచో అన్నదమ్ముల వరుస యగును గనుక, ఆ మాట అంతటితో కట్టిపెట్టవలెనని మాత్రమే ఆయన విచారము.

పిలువని పేరు చరిత్రలో ఎట్లు మరుగున పడునో చూపుటకు పాలకుర్తికి మించిన తావు లేదు. ఆ ఊరిలో విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డితో కౌలుపొలము విషయమున తలపడి నిలిచిన వీరవనిత చిట్యాల ఐలమ్మ. చిట్యాల అత్తవారి ఇంటిపేరు, భర్త చిట్యాల నరసింహ. కాని ఆమెను లోకము చాకలి ఐలమ్మ యనియే యెరుగును. హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు 2024లో పెట్టిన పేరును చాకలి ఐలమ్మదే. దొరను ఏలిన ఊరిపేరుతోను, ఆమెను కులవృత్తి పేరుతోను పిలుచుట అప్పటి వాడుక. ఇరువురి ఇంటిపేర్లును ఆ వాడుక క్రింద అణగిపోయినవి. నేడు కులనామమునే గౌరవచిహ్నముగా ధరించుట ఒక రాజకీయదృష్టి, దానిని తప్పుపట్టు అధికారము నాకు లేదు. అయినను చిట్యాల యన్న మాటకును పుస్తకములలో చోటు దొరకవలెనని నా కోరిక. ఇంటిపేరు సైతము వంశపు పుట్టుచోటును తేల్చి చెప్పునని యనుకొనరాదు: భూపాలపల్లి జిల్లాలో ఒక చిట్యాల మండలము కలదు, నల్లగొండ దారిలో మరియొక చిట్యాల కలదు. జపానువాడైనచో రెండింటిని రెండు విధములైన గుర్తులతో వ్రాసి వేరుపరచియుండును.

దేశముఖు నెదిరించిన ఆ పోరాటముననే 1946 జూలై 4న కడవెండిలో అతని మనుషుల తుపాకికి బలియైన దొడ్డి కొమరయ్య మాత్రము ఇంటిపేరుతో సహా జ్ఞాపకముండిపోయినాడు. దొడ్డి యనగా పశువులను, జీవాలను తోలి మూయు ఆవరణము. గొర్రెలను కాచు కురుమ కులమున పుట్టినవానికి ఆ పేరు ఎంత సహజమో చెప్పనక్కరలేదు. దీనికి గుడి దీర్ఘమైనను, కొమ్మయైనను మార్చి వేరొక అర్థము సాధింపవలెనని ఎవరికిని తోచకపోవుట మంచిదైనది. ఏలయన, సంస్కృతపు సొగసు నద్దుటకు ఇంటిపేర్లపై జరుగు చిన్నచిన్న దిద్దుబాట్లు అసంఖ్యాకములు. ఈ ప్రాంతమున 'వేని' చివరగల ఇంటిపేర్లు కొన్ని కులములలో కలవు. వానిని 'వేణి' యని వ్రాయువారు నేడు హెచ్చుచున్నారు. వేణి యనగా జడ. తరతరములుగా గొర్రెలను కాచినవారి ఇంటిపేరునకు ఈ జడ ఎక్కడిది? న కారమునకు బదులు ణ కారము చేరుటచేత సుజుకి వారి గంట వంటిది ఇక్కడను మ్రోగినది.

ఒక్క అక్షరముతో వంశమే మారిపోవు ఉదాహరణము కావలెనన్నచో దాశరథి సోదరులను స్మరింపవలెను. కృష్ణమాచార్యులు 1925లోను, రంగాచార్యులు 1928లోను నేటి మహబూబాబాద్ జిల్లాలోని చినగూడూరున జన్మించిరి. దశరథునకు పుట్టినవాడు దాశరథి, అపత్యార్థమున తద్ధితప్రత్యయము చేరిన రూపము. ఆ శబ్దము వినగానే వైష్ణవునికి శ్రీరాముడును, రామానుజాచార్యులకు మేనల్లుడును ప్రియశిష్యుడును అయిన దాశరథియు, అనగా ముదలియాండానును, స్ఫురింతురు. ఈ పేరును 'దాసరథి' యని వ్రాసిన ఆహ్వానపత్రికలు, బడిపుస్తకములు కనబడని ఊరు లేదు. తాలవ్యము దంత్యమగుటతో పది రథముల రాజు పోయి, దాసుడొకడు రథముతో సహా ప్రత్యక్షమగును. సరిదిద్దబోయిన ఉత్సాహవంతుడు దాశ శబ్దమును నిఘంటువున వెదకినచో అక్కడ జాలరి కనబడును, ఏలయన దాశుడనగా సంస్కృతమున చేపలు పట్టువాడు. ఇట్లు ఒకే ఇంటిపేరున రాజు, దాసుడు, జాలరి ముగ్గురును ఒకరి వెనుక నొకరు తొంగిచూచుచున్నారు. వారిలో ఎవరిని పిలుచుచున్నామో తేల్చునది కలము పట్టినవాని శ్రద్ధ. సైతోల నియమవంతుడు సమానుడైపోవుటకును దీనికిని భేదమేమున్నది?

మూడవ చేయి పట్వారిది. పందొమ్మిదవ శతాబ్ది చివరనుండి నిజాము రాజ్యమున ఉర్దూ అధికారభాష యైనది. పహాణీలు ఆ లిపిలోనే సాగినవి. ఉర్దూలిపికి ణ, ళ లు లేవు. హ్రస్వాచ్చులను సాధారణముగా వ్రాయరు. ఎ, ఒ ల హ్రస్వములకు వేరు గుర్తులే లేవు. కొండ యన్నను కుండ యన్నను ఆ వ్రాతలో ఒకే రూపమున పడవచ్చును. పట్వారి ఊరివాడే యగుటచేత కొండవారెవరో కుండవారెవరో ఆయనకు తెలిసియుండును గాని, ఆయన తరువాత ఆ కాగితమును పైకార్యాలయమున చదివినవానికి తెలియదు. ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చుటచేత ఈ బాధ తీరినదా? ఇంగ్లీషు అక్షరములలో గద్దయు గడ్డయు ఒక్కటే. కంద, కండ, ఖండములలో మొదటి రెండును ఒకటియైపోవును. నేటి యువకుల ధ్రువపత్రములన్నియు ఆ లిపిలోనే ముందుగా తయారై, ఆపైన యంత్రము చేత తెలుగులోనికి మరల తిరుగుచున్నవి. ఇంటినుండి గద్దయై బయలుదేరినవాడు గడ్డయై తిరిగివచ్చుట నేడు వింత కాదు.

మహబూబాబాద్ జిల్లా తండాలలో ఇంతకంటె లోతైన కథ నడచినది. లంబాడీల మాటకు సొంతలిపి లేదు. మహారాష్ట్రమున దేవనాగరిలో, కర్ణాటకమున కన్నడలిపిలో, ఇక్కడ తెలుగున వారి పేర్లు వ్రాతకెక్కినవి. బానోత్, గుగులోత్, జాటోత్, మాలోత్, ధరావత్ అను పేర్ల చివర వినబడు ఓత్, ఆవత్ లు రాజస్థానమునుండి వారితో నడచివచ్చినవి. ఫలానావాని సంతతి యని వానికి అర్థము. షేఖా యనువాని సంతతివారు షెఖావత్‌లైనట్లే ఇవియును. కావున ఈ ఇంటిపేరు ఊరును చెప్పదు, మూలపురుషుని చెప్పును. ఎద్దులపై ధాన్యము మోసికొని దేశములు తిరిగినవారికి ఊరిపేరుతో ఏమి పని? ధరావత్‌ను కొందరు దరావత్ అని వ్రాయుదురు. ఒత్తు చేర్చినంతనే సంస్కృతము చదివినవానికి అందు భూదేవి కనబడును, ఒత్తు తీసినచో మాయమగును. మూలపురుషునకు ఈ రెంటితోను ప్రసక్తి లేదు. మూడ్ అను ఇంటిపేరు గతి వినోదకరము. తెలుగువాని చెవికది సంఖ్య, ఇంగ్లీషు అక్షరములలో చూచినవానికది మనసు తీరు. ఉద్యోగపు పరీక్షలో తన పేరు విని నవ్విన అధికారికి ఏమని చెప్పవలెనో ఆ పిల్లవానికి తెలియకపోవచ్చును. సుజుకి వారినడిగి నేర్చుకొనవలసిన సహనమిది.

మరియొక సంగతి. తెలంగాణములో లంబాడీలు తమ వంశములోని చిన్నశాఖ పేరును ఇంటిపేరుగా వ్రాయించుకొనగా, మహారాష్ట్ర కర్ణాటకములలో పెద్దశాఖ పేరును వ్రాయించుకొనిరి. భూక్యావారు రాథోడ్ శాఖలోనివారు, వడ్త్యావారు జాదవ్ శాఖలోనివారు. సరిహద్దుకు ఇవతల భూక్యా, అవతల రాథోడ్. కాగితముపై ఒకరికొకరు కారు, పెండ్లిమాట వచ్చినచో అన్నదమ్ములు. దీనికి కారణము వంశము కాదు, ఆయా రాష్ట్రములలో మొదట పేరు వ్రాసికొన్నవాడు అడిగిన ప్రశ్న.

భూపాలపల్లి జిల్లాలో మహాముత్తారము, పలిమెల అడవులలోను, అటు మహబూబాబాద్ వైపు గంగారము, కొత్తగూడ మండలములలోను కోయలున్నారు. వారి ఇంటిపేర్లను తెలుగు నిఘంటువుతో చదువుటకంటె సాహసము లేదు. మేడారమున కోయల వేల్పగు సారలమ్మ పూజారులు కాకవారు. సంస్కృతమునందు కాకము కాకి, తెలుగునందు కాక వేడిమి, తెలంగాణపు పలుకుబడిలో కాక చిన్నాయన. ఈ మూడింటిలో ఏదియు ఆ పూజారులకు పట్టదు. చందా యనగా మనకు వసూలు చేయు సొమ్ము, వారికది సమ్మక్క వంశముతో ముడిపడిన గౌరవనామము. భద్రాచలము శాసనసభ్యులుగా పలుమార్లు ఎన్నికైన కీర్తిశేషులు సున్నం రాజయ్యగారి ఇంటిపేరును విని గోడలు తలచుకొనువాడు తెలుగువాడే గాని కోయవాడు కాడు. కోయలకు ఇంటిపేరు వినగానే తట్టునది గట్టు: మూడవ గట్టు, నాలుగవ గట్టు, ఐదవ గట్టు అని వారి కులమంతయు సంఖ్యలతో విభక్తమైయున్నది, గట్టు ననుసరించి వేల్పు, వేల్పు ననుసరించి జాతర, ఒకే గట్టువారికి పెండ్లి నిషిద్ధము. మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్లనుండి పగిడిద్దరాజును మేడారమునకు తోడ్కొనిపోవువారు పెనకవారే యగుటకు ఆ వ్యవస్థయే ఆధారము. అక్షరాస్యులైన పంతుళ్ళు ఈ పేర్లను బడి పట్టికలో చేర్చుకొనునపుడు వినినట్లు వ్రాసిరో, తమకు తెలిసిన తెలుగుమాటకు దగ్గరచేసి వ్రాసిరో, ఒక్కొక్క పేరునే పట్టుకొని విచారించిననే గాని తేలదు. కడప జిల్లా ఊళ్ళ పేర్లపై కేతు విశ్వనాథరెడ్డిగారు చేసిన పరిశోధన వంటిది, గోదావరికి ఈవలి కోయగూడెముల ఇంటిపేర్లపై కోయభాష వచ్చినవారెవరైన చేపట్టినచో ఎంత మేలు!

ఇంటిపేరును ముందుంచుట జపానువారికిని మనకును ఉమ్మడి ఆచారము. పాశ్చాత్యుల కొరకు వారు దానిని నూరేండ్లకు పైగా వెనుకకు నెట్టి వ్రాసికొనిరి. 2020 జనవరి 1 నుండి ఇంగ్లీషులో వ్రాసిన ప్రభుత్వపత్రములందును ఇంటిపేరే ముందుండవలెనని వారి ప్రభుత్వము నిర్ణయించెను. మనము దానిని వెనుకకు నెట్టలేదు, కత్తిరించితిమి. బడిలో చేరిననాడే తాటికొండ 'టి' యగును, కొత్తపల్లి 'కె' యగును, గుగులోత్ 'జి' యగును. అమెరికాకు పోవు పిల్లవాడు పాస్‌పోర్టు కొరకు ఆ ఒంటియక్షరమును విప్పి పూర్తిగా వ్రాయవలసి వచ్చినపుడు, ణ కారమా న కారమా, ఒత్తు ఉన్నదా లేదా యని ఇంట తాతను అడుగును. జనగామలోనైనను మానుకోటలోనైనను తాత చెప్పు సమాధానము తరచుగా ఊరిపేరుతో మొదలగును. గుమాస్తా పెట్టెలో పట్టునది మాత్రము ఇరువదియారు అక్షరములలో ఏవో కొన్ని.